దొమ్మీ చట్టము చదువుట



ఇంగ్లీషు నేర్చుకొను మన పిల్లలు ఒక్కొక్క వాక్యము దగ్గఱ ఆగిపోవుచుందురు. అందలి ప్రతి మాటకును అర్థము తెలియును. వాక్యమునకు మాత్రము అర్థము తెలియదు. అట్టివానిలో నొకటి "టు రీడ్ ది రయట్ యాక్ట్" అనునది. రీడ్ అనగా చదువుట. రయట్ అనగా దొమ్మీ. యాక్ట్ అనగా చట్టము. "ప్రొద్దుపోయి ఇల్లు చేరిన కొడుకునకు తండ్రి దొమ్మీ చట్టము చదివెను" అని కథలో నుండును. ఆ తండ్రి వకీలు కాడు. కొడుకు దొమ్మీ చేయలేదు. ఇంటిలో చట్టపు పుస్తకమే లేదు. మఱి తండ్రి చదివిన దేమి?

ఆయన ఏమియు చదువలేదు. కొడుకును ఎదుట నిలువబెట్టి గట్టిగా మందలించి, ఇదియే కడసారి యనియు, ఇకమీదట ఇట్లు చేసినచో ఫలితము అనుభవింపవలసి వచ్చుననియు హెచ్చరించెను. ఈ నుడికారమునకు అర్థ మింతే. అయినను ప్రతి తిట్టునకును ఈ మాట చెల్లదు. పలుకువానికి కొంత అధికార ముండవలెను. వినువాడు హద్దు మీఱి యుండవలెను. మానకున్నచో శిక్ష తప్పదను సూచన మాటలో నుండవలెను. సమవయస్కులగు స్నేహితు లిద్దఱు వాదులాడుకొన్నప్పుడు ఇంగ్లీషువాడు ఈ మాట వాడడు. ఉపాధ్యాయుడు అల్లరి చేయు తరగతిని మందలించినప్పుడు వాడును.

మనకును ఇట్టి పలుకుబళ్లు కలవు. అక్షింతలు పెండ్లిపందిరిలో దీవెనకు చల్లునవి. "దొరగారు గుమాస్తాకు అక్షింతలు వేసినారు" అన్నచో అది దీవెన కాదని చంటిబిడ్డకు సయితము తెలియును. దండకము దేవుని స్తుతి. కాని అత్తగారు కోడలికి దండకము చదివిన దన్నచో స్తుతి యని ఎవ్వరు ననుకొనరు. శ్రీముఖము పీఠాధిపతులు శిష్యులకు పంపు పత్రిక. పై యధికారినుండి శ్రీముఖము వచ్చినదన్న ఉద్యోగి ముఖము చూచినచో సంగతి తెలిసిపోవును. మన మందలింపు మాటలు కొన్ని ఈ విధముగా గుడినుండియు, మఠమునుండియు, పెండ్లిపందిరినుండియు వచ్చినవి. ఇంగ్లీషువారి యీ మాట వీధిలోని గుంపునుండి, మేజిస్ట్రేటు చేతిలోని కాగితమునుండి వచ్చినది. మన దండకము ఎవ్వరి ప్రాణమును తీయలేదు. ఆ కాగితము వెనుక మరణశిక్ష యుండెను. ఆ కథ తెలిసినగాని ఈ నుడికారపు బరువు తెలియదు.

1714వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీన ఇంగ్లాండు రాణియగు ఆన్ మరణించెను. ఆమె సంతానములో నొక్కరును బ్రతికి యుండలేదు. ఆమెకు తోడబుట్టువు వరుసయగు జేమ్సు స్టూఅర్టు విదేశమున నుండెను గాని, కథోలిక మతస్థుడగుటచే అతనికి సింహాసనము చెందరాదని అంతకుముందే చట్ట మేర్పడి యుండెను. కావున జర్మనీ దేశమందలి హనోవరు పాలకుడు జార్జి అను పేరుతోనే రాజయ్యెను. ఆయనకు ఇంగ్లీషు అంతంతమాత్రముగా వచ్చును. క్రొత్త రాజు ప్రజలలో ననేకులకు రుచింపలేదు. 1714 అక్టోబరులో పట్టాభిషేకము జరిగిన దినముననే పలు పట్టణములలో అల్లరులు చెలరేగెను. 1715 వేసవిలో గుంపులు బయలుదేరి, ప్రభుత్వమునకు అనుకూలురని పేరొందిన ప్రొటెస్టంటు శాఖలవారి ప్రార్థనా మందిరములను పడగొట్టసాగెను.

అప్పటి మంత్రులు భయపడిరి. పార్లమెంటు ఒక చట్టమును చేసెను. శాసన గ్రంథములలో దీనిని 1714 నాటి చట్టమని పేర్కొందురు. అమలులోనికి వచ్చినది 1715 ఆగస్టు 1వ తేదీన. దానిలోని ముఖ్యాంశములు ఇవి. పన్నెండుగురుగాని అంతకు మించిగాని అల్లరిగా గుమికూడి శాంతికి భంగము కలిగించుచున్నచో, మేజిస్ట్రేటో, షరీఫో, పట్టణపు మేయరో అచటికి పోవలెను. గుంపునకు వీలైనంత దగ్గఱగా నిలిచి, ముందు నిశ్శబ్దముగా నుండుడని ఆజ్ఞాపించి, పిమ్మట బిగ్గఱగా ఒక ప్రకటన చదువవలెను. ఆ ప్రకటనలోని మాటలు చట్టములోనే వ్రాసి యుంచిరి. గుమికూడిన వారందఱును వెంటనే చెదరి తమ యిండ్లకో, న్యాయమైన తమ పనులకో శాంతముగా పోవలెనని రాజు ఆజ్ఞాపించుచున్నాడు. లేనియెడల ఈ చట్టములోని శిక్షలకు పాత్రులగుదురు. ఇదియే దాని తాత్పర్యము. కడపట దేవుడు రాజును రక్షించుగాక అని ముగింపవలెను.

చదివిన పిమ్మట ఒక గంట గడువు. గంట దాటియు పన్నెండుగురు అచట నిలిచియున్నచో వారి నేరమునకు మరణశిక్ష. వారిని చెదరగొట్టుటలో ఎవరైన చనిపోయినను, గాయపడినను ఆ పని చేసిన అధికారులమీదను, వారికి తోడ్పడినవారిమీదను నేరము లేదు. ప్రకటన చదువకుండ అడ్డుపడుటకును మరణశిక్షయే. గుంపు ప్రార్థనా మందిరమును పడగొట్టినచో ఆ నష్టమును ఆ ప్రాంతపు నివాసు లందఱు కలిసి చెల్లింపవలెను. ఇంతియేగాక, మూడు మాసముల కొకసారి జరుగు న్యాయసభలలో ఈ చట్టమును పైకి చదివి వినిపింపవలెనని కూడ నియమించిరి. ఊరూర, ఏటేట, ఇట్లు చదువగా చదువగా దాని పేరు అక్షరము రానివానికి సయితము తెలిసినదయ్యెను. నుడికారము పుట్టుటకు ఇదియొక కారణము. జనుల చెవులలో నానిన మాటయే సామెత కాగలదు.

ఈ చట్టమును ఒక వైపునుండి చూచినచో మిక్కిలి క్రూరమైనది. మఱియొక వైపునుండి చూచినచో అందులో నొక ధర్మము దాగియున్నది. రాజ్యము ప్రజలమీద బలప్రయోగము చేయుటకు ముందు నోరు విప్పి చెప్పవలెను. ఆ చెప్పుటయు చాటున గాదు, గుంపు వినునట్లు బిగ్గఱగా చెప్పవలెను. విన్నవానికి ఇంటికి పోవుటకు వ్యవధి యియ్యవలెను. కోర్టులు కూడ కొన్నిమారులు ఈ నియమమును గట్టిగా పట్టుకొనెను. 1830లో ఒక వ్యాజ్యమున, దేవుడు రాజును రక్షించుగాక అను కడపటి మాటలు చదువక విడిచినందున, ఆ చదువు చెల్లదని నిందితులకు మేలు కలిగెను. నాలుగు మాటలు లోపించుటచే మనుష్యులు బ్రతికిరి. కాగితముమీది అక్షరమునకు అంతటి విలువ యుండెను.

అయితే కాగితముమీది ధర్మము వీధిలో నిలుచుట సులభము కాదు. 1768 మే 10వ తేదీన లండనులో, సెయింటు జార్జి మైదానమున, చెఱసాలలో నున్న జాన్ విల్క్సు అను ప్రజానాయకునికొఱకు జనులు మూగిరి. మేజిస్ట్రేటు దొమ్మీ చట్టము చదివెను, సైనికులు కాల్చిరి, పలువురు మరణించిరి. పిమ్మట ఆ మేజిస్ట్రేటుమీదనే హత్యానేరము మోపి విచారించిరి. ఆయన నిర్దోషియని విడుదలయ్యెను గాని, ఆ సంగతి తక్కిన మేజిస్ట్రేటుల గుండెలలో దిగులు నాటెను.

ఆ దిగులు 1780 జూన్‌లో బయటపడెను. కథోలికులకు కొన్ని హక్కు లిచ్చిన చట్టమును రద్దు చేయవలెనని లార్డు జార్జి గార్డను నాయకత్వమున వేలకొలది జనులు పార్లమెంటుమీదికి నడచిరి. పిమ్మట లండను నగరము వారము దినములు గుంపుల పాలయ్యెను. న్యూగేటు చెఱసాల కాలిపోయెను. ప్రధాన న్యాయాధిపతి లార్డు మాన్స్‌ఫీల్డు ఇల్లును, ఆయన పుస్తక భాండారమును అగ్నికి ఆహుతియయ్యెను. సైన్యము నిలిచి చూచుచుండెను. చట్టము చదువుటకు మేజిస్ట్రేటులు వెనుదీసిరి. చదువనిదే, గంట గడువనిదే కాల్చరాదని సైనికాధికారు లనుకొనిరి. తుదకు రాజు తన మంత్రిసభను సమావేశపఱచి, మేజిస్ట్రేటు లేకున్నను కాల్పవచ్చునని ఆజ్ఞ యిప్పించెను. ఆ కాల్పులలో మృతులు వందలకొలది. ఇల్లు కోల్పోయిన ఆ లార్డు మాన్స్‌ఫీల్డే తరువాత ప్రభువుల సభలో ఆ చర్యను సమర్థించెను. సైనికుడును పౌరుడే, ఇండ్లు తగులబెట్టు వానిని ఆపుట ఏ పౌరునికైనను ధర్మమే, దానికి దొమ్మీ చట్టము అడ్డు రాదని ఆయన వాదము. దీనినిబట్టి ఒక సంగతి స్పష్టమగుచున్నది. గంట గడువు అనునది, గుంపులో నిలిచియున్నంత మాత్రముననే మరణశిక్ష విధించుటకు సంబంధించిన నియమము. కన్నులయెదుట జరుగు ఘోరమును ఆపుటకు గంటసేపు కాచుకొనవలెనని కాదు. కాని ప్రజలు మాత్రము ఆ గంట తమకు కలదనియే నమ్మిరి.

ఆ నమ్మిక మాంచెస్టరు పట్టణమున భగ్నమయ్యెను. 1819 ఆగస్టు 16వ తేదీన, సెయింటు పీటరు మైదానమున, సుమారు అఱువది వేలమంది కూడిరి. వారు ఇండ్లు తగులబెట్టుటకు రాలేదు. నూలు మిల్లులతో నిండిన ఆ పెద్ద పట్టణమునకు పార్లమెంటులో ప్రత్యేక సభ్యుడు ఒక్కడును లేడు. తమకు ప్రాతినిధ్యము కావలెనని అడుగుటకు వచ్చిరి. స్త్రీలు, బిడ్డలుకూడ వచ్చిరి. హెన్రీ హంటు అను వక్త మాటలాడుటకు నిలిచెను. మైదానము ప్రక్కనున్న ఇంటినుండి చూచుచున్న మేజిస్ట్రేటులు ఆయనను పట్టుకొనుడని ఆజ్ఞాపించిరి. గుఱ్ఱపు దళము కత్తులు దూసి గుంపులోనికి చొచ్చెను. సుమారు పదునెనిమిదిమంది మరణించిరి, వందలకొలది గాయపడిరి. నాలుగేండ్ల క్రిందట జరిగిన వాటర్లూ యుద్ధమును తలపించునట్లు ప్రజలు ఆ దినమునకు పీటర్లూ అని పేరు పెట్టిరి.

దొమ్మీ చట్టము చదివితిమని మేజిస్ట్రేటులు చెప్పిరి. వినలేదని మైదానమున నున్నవారు చెప్పిరి. ఇంటి కిటికీలోనుండి ఒక మనుష్యుడు చదివిన చదువు అఱువది వేలమందికి ఎట్లు వినబడును? ఆనాడు మన యీ రేడియో వంటి సాధనము లేదు, గొట్టము లేదు, గొంతు ఒక్కటియే కలదు. చదువుట వేఱు, వినిపించుట వేఱు. చదివినవాడు తన బాధ్యత తీఱెనని కాగితము మడిచి జేబులో నుంచుకొనవచ్చును. వినని వానికి ఆ చదువు లేనట్లే.

వింత యేమనగా, ఈ మాట ఇంటి సామెతగా మాఱిన జాడయు ఆ సంవత్సరముననే కనబడుచున్నది. 1819 డిసెంబరులో వ్రాసిన ఒక లేఖలో, ఒక గృహిణి పిల్లల గదిలోనికి దొమ్మీ చట్టము చదువుటకు పరుగెత్తిన దని హాస్యముగా నున్నది. అల్లరి చేయు పిల్లలే గుంపు, తల్లియే మేజిస్ట్రేటు. వీధిలో రక్తము చిందిన నాలుగు నెలలకే ఇంటిలో అదే మాట నవ్వు పుట్టించుచున్నది. ఇందులో దోషమేమియు లేదు. భాష యొక్క నడక అట్టిది. భయంకరమైన మాటను జనులు ఇంటికి తెచ్చుకొని, మచ్చిక చేసికొని, దాని కోరలు తీసివేయుదురు.

చట్టమునకును క్రమముగా కోరలు ఊడెను. 1837లో మరణశిక్ష తొలగి, దాని స్థానమున ద్వీపాంతరవాసము వచ్చెను. అయినను చదువుట మానలేదు. 1893 సెప్టెంబరు 7వ తేదీన యార్కుషైరులోని ఫెదర్‌స్టన్ బొగ్గుగని యొద్ద, కూలి తగ్గింపును అంగీకరింపని పనివారి గుంపు ఎదుట మేజిస్ట్రేటు దీనిని చదివెను. గంట నిండకమునుపే సైనికులు కాల్చిరి; ఇద్దఱు మరణించిరి. లార్డు బోవెన్ అధ్యక్షతను జరిగిన విచారణలో, గంట నిండువఱకు ఆగనక్కఱలేదని, సైనికులు చేసినది చట్టసమ్మతమేయని తేల్చిరి. 1919 జనవరి 31వ తేదీన గ్లాస్గో పట్టణమున, వారమునకు నలువది గంటల పని కావలెనని కోరు కార్మికుల యెదుట షరీఫు దీనిని చదువ మొదలుపెట్టగా, ఎవరో ఆయన చేతిలోని కాగితమును లాగివేసిరి. ఇంగ్లాండులోను, వేల్సులోను ఈ చట్టము 1967లో రద్దయ్యెను, స్కాట్లాండులో 1973లో. నేడు ఆ దేశమున దొమ్మీ చట్టమును చదువు మేజిస్ట్రేటు లేడు. చదువు తల్లిదండ్రులు మాత్రము ఇంటింట నున్నారు.

గ్లాస్గోలో కాగితము లాగివేయబడిన ఆ 1919వ సంవత్సరముననే మన దేశమునకు అన్నిటికంటె కఠినమైన పాఠము వచ్చెను. ఇంగ్లీషువారి దొమ్మీ చట్టపు గంట గడువు మన దేశపు శాసనములలో లేదు. కాని చెదరిపొండని ముందు ఆజ్ఞాపింపవలె నను మూలభావము ఉండెను. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో, ఐదుగురుగాని అంతకు మించిగాని చట్టవిరుద్ధ ప్రయోజనముతో కూడినచో అది అక్రమ సమావేశము. చెదరిపొండని ఆజ్ఞ యిచ్చిన పిమ్మటను అందులో నిలిచియుండుట ప్రత్యేక నేరము. అక్కడ పన్నెండుగురు, ఇక్కడ ఐదుగురు. 2024 జూలై 1వ తేదీన ఆ స్మృతికి బదులు భారతీయ న్యాయ సంహిత వచ్చినను ఐదుగురను సంఖ్య అట్లే నిలిచినది.

1919 ఏప్రిల్ 13వ తేదీ ఉదయమున అమృతసరములో జనరల్ డయ్యరు సైన్యముతో నగరమంతయు తిరిగి, డప్పు వాయింపించి, సమావేశములు కూడదని చాటింపు వేయించెను. ఆ చాటింపు నగరములోని చాల భాగములకు చేరనే లేదు. ఆనాడు వైశాఖి పండుగ. చుట్టుపట్ల గ్రామములనుండి వచ్చిన రైతులెందఱో ఊరిలో నుండిరి. సాయంకాలము జలియన్‌వాలా బాగులో వేలమంది కూడిరి. డయ్యరు వచ్చి, చెదరిపొండని ఒక్క మాటయైన చెప్పక, కాల్పుల కాజ్ఞ యిచ్చెను. సుమారు పది నిమిషములు కాల్పులు సాగెను. 1,650 తూటాలు ఖర్చయ్యెను. ప్రభుత్వ లెక్క ప్రకారము 379 మంది మరణించిరి. మృతులు అంతకంటె చాల ఎక్కువయని కాంగ్రెసువారి విచారణలో తేలినది. 1920లో వెలువడిన హంటరు సంఘపు నివేదిక డయ్యరుపై మోపిన దోషములలో మొదటిది, ముందుగా హెచ్చరింపకుండ కాల్చుట. ఆ సంఘములోని ఆంగ్లేయ సభ్యులును, భారతీయ సభ్యులును ఇతర విషయములందు భిన్నాభిప్రాయులై రెండు నివేదికలు వ్రాసినను, ఈ విషయమున ఏకమైరి. తమ దేశమున రెండువందల యేండ్లుగా చదువుచు వచ్చిన ఆ హెచ్చరిక, తమ పాలనలోని ప్రజలకు దక్కలేదను సంగతిని వారును కాదనలేకపోయిరి.

కావున మన పిల్లవాడు పుస్తకము తెచ్చి ఈ వాక్యమున కర్థ మేమని అడిగినప్పుడు, గట్టిగా మందలించుట యని చెప్పినచో సరిపోవును. పరీక్షకు అంతమాత్రము చాలును. తీఱిక యున్నచో తక్కిన కథయు చెప్పవచ్చును. మందలింపు శిక్షకు ముందు రావలెను. శిక్ష తరువాత వచ్చిన మందలింపు ఎవరికిని పనికిరాదు. అది వినువానికి వినబడవలెను. విన్న పిమ్మట తప్పు దిద్దుకొనుటకు కొంత వ్యవధి యుండవలెను. ఇంగ్లాండువారు దానికి ఒక గంట యని లెక్క కట్టిరి. ఆ గంటను తామే పలుమారులు పాటింపలేదు.

పంచాయతీ రచ్చమీద గూర్చుండి తగవు తీర్చు పెద్దలకును ఈ కథ క్రొత్త కాదు. జరిమానా వేయుటకు ముందు కబురు పంపితిమా, కబురు వానికి చేరినదా, వచ్చి చెప్పుకొనుటకు వ్యవధి యిచ్చితిమా యని విచారించుట మన పెద్దల పద్ధతియే. తలారి టముకు వేసినానని చెప్పినంత మాత్రమున తృప్తి పడక, ఊరి చివర ఇంటిలో అది వినబడినదా యని అడిగిన గ్రామపెద్దకు, దొమ్మీ చట్టము చదువుట యనగా ఏమో ఏ ఇంగ్లీషు నిఘంటువును చెప్ప నక్కఱలేదు.